భయపడే కుక్కకు మన దగ్గర జాగా ఉందా?



ఎల్లారెడ్డి దగ్గర మా చాచా పొలంలో మోటరు షెడ్డు వెనక ఒక ఆడకుక్క ఉంటుంది. గోధుమ రంగు, చెవి కొసకు చిన్న కోత. పిల్లలు కాకుండా ఆపరేషన్ అయిందనే నిషానీ అది. ఆ కుక్క ముందుగా వచ్చింది కామారెడ్డిలో మా ఇంటికే. ఆ కథ చెప్పాలంటే కొంచెం షర్మిందగీగా ఉంది, అయినా చెప్తాను.

వానాకాలం ఒక సాయంత్రం మా తమ్ముడు దాన్ని గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. ఎవరో కొట్టారు, వెనక కాలు వాచిపోయింది. బేజుబాన్ జీవి, సవాబ్ పని అనుకున్నాం. మాది ఉమ్మడి ఇల్లు. పిల్లలే ఏడుగురు. టీవీ, మిక్సీ, గేటు చప్పుడు, అస్ర్ తర్వాత ఖురాన్ చదవడానికి వచ్చే గల్లీ పిల్లలు వేరే. కుక్క మెట్ల కిందికి దూరి మూడు రోజులు ముద్ద ముట్టలేదు. మనిషి దగ్గరికి వెళ్తే చాలు, ఉన్నచోటే తడిపేసేది. పిల్లలకేమో అది తమాషా. ఒకడు కట్టెతో పొడిచి బయటకు రప్పించబోయాడు. అమ్మీ ఒకవైపు ఇల్లు నాపాక్ అవుతుందని, ఇంకోవైపు పాపం చస్తుందేమోనని పరేషాన్. మేం సవాబ్ అనుకున్నది దానికి అజాబ్ అయింది.

నాలుగో రోజు చాచా వచ్చి చూశాడు. "ఇనే ఖుద్ డర్‌తీ, రఖ్వాలీ క్యా కరేగీ?" అని నవ్వాడు. నవ్వుతూనే ఆటోలో ఎక్కించుకుని తీసుకెళ్లాడు.

మన ఇళ్లల్లో కుక్క మాట రాగానే ఒకటే సవాల్: జాయిజా, నాజాయిజా? మసలా తెలిసినంతవరకు చెప్తాను, మిగతాది మీ ఆలిమ్ సాబ్‌ను అడగండి. వేటకు, పశువులకు, పొలానికి కాకుండా కుక్కను పెట్టుకుంటే రోజూ సవాబ్ తగ్గుతుందని హదీసు ఉంది. కుక్క ఉన్న ఇంట్లోకి రహమత్ ఫరిష్తాలు రారనీ ఉంది. వీటిని పక్కకు పెట్టి, "ఈ జమానాలో అందరూ పెంచుతున్నారు" అనే మాట నేను అనను. కానీ అదే హదీసులో పొలానికి, మందకు ఇజాజత్ కూడా ఉంది. చాలామంది ఉలమా ఇంటి కాపలాను కూడా అందులోనే లెక్కించారు.

తహారత్ సంగతిలో మనం విన్నదానికంటే భయపడేది ఎక్కువ. మన హనఫీ ఫిఖ్‌లో కుక్క లాలాజలం నజిస్. పొడి వెంట్రుకలు బట్టకు తగిలితే బట్ట నాపాక్ కాదు. షాఫిఈలలో సఖ్తీ ఎక్కువ, మాలికీలు కుక్కను పాక్‌గానే చూస్తారు. కుక్క తగిలినంత మాత్రాన వుజూ పోతుందని మాత్రం ఎవరూ అనలేదు. అది మూతి పెట్టిన గిన్నెను ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టితో కడగమని హదీసు. దాని గిన్నె దానికి వేరుగా, బయటే పెడితే ఈ తక్లీఫే ఉండదు.

జుమా రోజు సూరా కహఫ్ చదివేవాళ్లం మనం. గుహలో నిద్రపోయిన ఆ నౌజవాన్ల వెంట కుక్క ఉంది, గుమ్మం దగ్గర ముందు కాళ్లు చాచి. లోపల కాదు, గుమ్మం దగ్గర. నాకైతే ఆ జాగా చాలా నచ్చుతుంది. దాహంతో బురద నాకుతున్న కుక్క కోసం బావిలో దిగి, తోలు మేజోడులో నీళ్లు పట్టి తాపిన మనిషికి మగ్‌ఫిరత్ దొరికిన కిస్సా బుఖారీలో ఉంది. ఆ కుక్కను ఆయన ఇంటికి తీసుకెళ్లాడని లేదు. రహమ్‌కు ఇల్లే కావాలని ఏం లేదు.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, 2026 జనవరిలో మన జిల్లా పేరు దేశమంతా పేపర్లకెక్కింది. పాల్వంచ మండలం ఊళ్లలో (కొత్తగూడెం పాల్వంచ కాదు, మనదే) దాదాపు 200 వీధికుక్కలను విషపు సూదులతో చంపారని ఫిర్యాదు వెళ్లింది, సర్పంచుల మీద కేసు నమోదైంది. పంచాయతీ ఎన్నికల్లో కుక్కల బెడద తీరుస్తామని ఇచ్చిన మాట కోసం చేశారని రాశారు. కుక్కల బెడద అబద్ధం కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లాడిని కుక్కలు చంపేశాయి. ఆ వీడియో చూసిన తల్లికి రహమ్ గురించి తఖ్‌రీర్ ఇవ్వడం నాతో కాదు. కానీ కానూన్ చెప్పే దారి వేరే ఉంది: పట్టాలి, ఆపరేషన్ చేయాలి, రేబిస్ టీకా వేయాలి, పట్టిన చోటే వదలాలి. 2023 నిబంధనలు అవే. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా, రేబిస్ ఉన్నవాటిని, కరిచే స్వభావం ఉన్నవాటిని మినహాయించి, అదే చెప్పింది. ఖర్చు, మెహనత్ ఉన్న పని కాబట్టి సూది సులువనిపిస్తుంది.

దెబ్బలు తిని బతికిన కుక్కలు మనిషిని చూస్తే వణుకుతాయి. అలాంటిదాన్ని తెచ్చుకునే ముందు నా రాయ్ ఇది: మసలా తర్వాత అడగండి, ముందు మీ ఇంటి చప్పుడు వినండి. చిన్నపిల్లలు, రోజూ మెహమాన్లు, ఇరుకు ఆంగన్ ఉంటే వద్దు. నియ్యత్ ఎంత మంచిదైనా వద్దు. గల్లీలో నీళ్ల గిన్నె పెట్టండి, టీకా వేయించండి, అది చాలు. జూలై 6న జూనోసిస్ దినం నాడు సర్కారీ పశువుల ఆసుపత్రుల్లో ముఫ్త్‌గా వేస్తుంటారు. పొలం ఉండి, నెమ్మది మనుషులు ఉంటే సోచాయించండి.

చాచా ఏ పుస్తకం చదవలేదు, అయినా చేసిందంతా సరైనదే. షెడ్డు వెనక గోనె పరిచాడు. ఫజ్ర్ తర్వాత ఒకసారి, మగ్రిబ్ ముందు ఒకసారి రొట్టె ముక్కలు, మజ్జిగ పెట్టి దూరం జరిగేవాడు. కళ్లలోకి చూడలేదు, తల నిమరబోలేదు, పేరు పెట్టి పిలవలేదు. పక్కకు తిరిగి కూర్చుని బీడీ తాగేవాడు, అంతే. (బీడీ గురించి చాచీ రాయ్ వేరే.) ఇలాంటి కుక్కలకు మూడు రోజులు బెదురు తగ్గడానికి, మూడు వారాలు ఇల్లు అర్థం కావడానికి, మూడు నెలలు భరోసా కుదరడానికి అని పెంచేవాళ్లు లెక్క చెప్తారు. దీనికి ఐదు నెలలు పట్టింది. దీపావళికి పటాకుల చప్పుడు విని రెండు రోజులు మక్కచేనులో దాక్కుంది. చాచా వెతకడానికి పోలేదు. గిన్నె అక్కడే పెట్టి ఉంచాడు.

రఖ్వాలీ సంగతి మొన్న అడిగాను. భయపడేదానికే ముందు వినబడుతుందట. రాత్రి అడవిపందులు గట్టు దిగకముందే షెడ్డు వెనక నుంచి మొరుగుతుంది, ముందుకు మాత్రం రాదు. చాచా లేచి టార్చి వేస్తాడు, డబ్బా కొడతాడు. ఆ డబ్బా చప్పుడుకు పందులతో పాటు ఇదీ పారిపోతుంది. తెల్లారేసరికి గిన్నె దగ్గర ఉంటుంది.

మా పిల్లలు చూస్తామని జిద్ చేస్తున్నారు. ఈద్ తర్వాత తీసుకెళ్తానన్నాను, ఇద్దరిద్దరిని.