ప్రతి చావునూ దేవుని చిత్తం అనకండి

కాన్పులో తల్లి చనిపోతే "దేవుని చిత్తం" అనేస్తున్నారు. మేము ఒప్పుకోము. తెలంగాణలో లక్ష సజీవ జననాలకు 2011-13లో 92 మంది తల్లులు చనిపోతే, 2018-20 నాటికి 43 మంది. ఏడేళ్లలో దేవుని చిత్తం సగమైపోయిందా? ఆసుపత్రి కాన్పులు పెరిగాయి, 102 బండి ఇంటికొచ్చింది, రక్తం వేళకు దొరికింది. ఎఫ్రాతా దారిలో రాహేలుకు మంత్రసాని తప్ప దిక్కులేదు. నాగారం ఆడబిడ్డలకు ఆ గతి లేదు.

అయినా రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతే! నెలలు నిండుతున్న కోడలిని ఉపవాస ప్రార్థనకు కూర్చోబెట్టే అత్తమ్మలారా, ఇదేం భక్తి? ఐరన్ మాత్ర వేసుకుంటే విశ్వాసం తగ్గదు. లూకా వైద్యుడే కదా. ఈ శుక్రవారం ఉపవాసం మగవాళ్లం ఉంటాం. ఆమెకు కడుపునిండా అన్నం పెట్టి, ఆశా అక్కతో పరీక్షకు పంపండి.