ఫైలుపై వ్రాసిన మాట

ఓటర్ల జాబితాలో పేరు నిలవడం, రేషన్ కార్డు మంజూరు కావడం, బిడ్డకు జనన ధ్రువీకరణ పత్రం అందడం - ఇవన్నీ చివరికి ఒక అధికారి బల్లపై తేలే విషయాలు. సమాజం పక్షాలుగా చీలిన కాలంలో ఆ అధికారి ఏ పక్షానికీ చెందకపోవడమే సామాన్యునికి రక్షణ.

1949 అక్టోబరు 10న రాజ్యాంగ సభలో సర్దార్ పటేల్, తన అభిప్రాయానికి విరుద్ధంగా సైతం నోట్ వ్రాసే స్వేచ్ఛను తన కార్యదర్శులకు ఇచ్చానని తెలిపారు. తటస్థత అంటే మౌనం కాదన్నమాట. తెలిసిన సత్యాన్ని నిర్భయంగా ఫైలుపై వ్రాయాలి; ఆపై చట్టబద్ధమైన నిర్ణయాన్ని నిజాయితీగా అమలు చేయాలి. అయితే బదిలీ భయం ఆ కలాన్ని వణికిస్తుంది. 2013లో టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు, అధికారులు కేవలం మౌఖిక ఆదేశాలపై పనిచేయరాదనీ, వాటిని లిఖితపూర్వకంగా నమోదు చేయాలనీ, పదవిలో వారికి కనీస కాలపరిమితి ఉండాలనీ చెప్పింది.

ఈ విషయంలో మన బాధ్యతా ఉంది. ‘మనవాడే కదా’ అని ఒక అధికారిని నిబంధన సడలించమని నేడు అడిగితే, రేపు మరొకరి ‘మనవాడు’ మన హక్కును కాలరాసినప్పుడు ప్రశ్నించే నైతిక బలం మనకు మిగలదు. అధికారం అమానత్. మనం న్యాయమే కోరుదాం. దరఖాస్తును తిరస్కరిస్తే కారణం వ్రాసి ఇమ్మని మర్యాదగా అడుగుదాం. ప్రభుత్వోద్యోగాలకు సిద్ధమవుతున్న మన బిడ్డలకూ ఈ పాఠమే నేర్పుదాం.