నకారపొల్లు అడిగే తీరు

ఇదిగో ఈ గుర్తు: ౝ. మీ తెరపై డబ్బాగా కనబడుతోందా? అయితే మీ ఖతిలో అది లేదన్నమాట. దీని పేరు నకారపొల్లు. పాత ముద్రణలలో "వచ్చెౝ", "రాముౝ" వంటి పదాల చివర కనబడే పొల్లు నకారపు రూపం. 2021లో వెలువడిన యూనికోడ్ 14.0లో దీనికి చోటు దక్కింది. అది చాలదు. ఖతికర్తలు గీయాలి, కీబోర్డు రాసేవారు మీట కేటాయించాలి.

అడిగితే వారు వేసే మొదటి ప్రశ్న: "న్ ఉంది కదా, దీన్ని ఎందరు వాడతారు?" మనకు వెంటనే కోపం వస్తుంది. 2011 జనగణనలో తెలుగువారు 8 కోట్ల పైచిలుకని లెక్క అప్పజెబుతాము. కానీ వారిలో ఈ గుర్తు ఎరిగినవారెందరు?

ఆ ప్రశ్న న్యాయమైనదేనని నా అభిప్రాయం. ప్రతి కొత్త గుర్తుతోనూ వారికి గీతపని, పరీక్షలు, ఏళ్ల తరబడి నిర్వహణ పెరుగుతాయి. పైగా ఈ పనిని తీరికవేళల్లో ఉచితంగా చేసేవారూ ఉన్నారు. కనుక అభిమానం కన్నా ముందు ఆధారం చూపాలి. పాత పుటల బొమ్మలు ఇవ్వాలి. న్ తరువాత హల్లు వస్తే రెండూ కలిసి సంయుక్తాక్షరమైపోతాయని, విడదీయడానికి కంటికి కనబడని మరో సంకేతం చొప్పించాల్సి వస్తోందని, నకారపొల్లుతో ఆ బెడద ఉండదని ఒక్క పద్యపాదంతో చూపాలి. తయారైనదాన్ని పరీక్షించే బాధ్యత మనమే తీసుకోవాలి.

పాత కావ్యాలను టైపు చేస్తున్న మిత్రులారా, నకారపొల్లు తగిలిన ప్రతి పుటనూ బొమ్మ తీసి దాచండి. రేపు మన వాదనకు అదే బలం.