పరుపు, గురువు, తెరచిన తలుపు



వేసవి సెలవులు వచ్చాయంటే మన పిల్లలను పట్టుకోవడం కష్టము. కె.సి. కాలువ వంతెన మీదినుండి పల్టీ కొట్టి నీళ్లలో దూకేవారు కొందరు, వరిగడ్డి వామి ఎక్కి వెనక్కు పడేవారు కొందరు, వసారాలోనే పిల్లిమొగ్గలు వేసి తల్లిచేత తిట్లు తినేవారు మరికొందరు. ఈ గంతులనే ఒక క్రమములో, భద్రముగా, గురువు చేతికింద నేర్పితే దానికి జిమ్నాస్టిక్స్ అని పేరు. నంద్యాలలోగాని ఆళ్లగడ్డలోగాని చిన్నపిల్లలకు అటువంటి వ్యాయామశాల నడపాలంటే ఏమి కావాలి? అందులో చేరే బీద పిల్లలకు పెద్దలమైన మనము ఎట్లా అండగా ఉండాలి? ఈ నెల ఈ సంగతి ఆలోచిద్దాము.

"అయ్యగారూ, ఆడపిల్లకు ఈ గంతులెందుకు? కాలో చెయ్యో విరిగితే రేపు ఎవరు చేసుకుంటారు?" అని తల్లులు మమ్మును అడుగుతుంటారు. ఇది నవ్వి కొట్టివేయవలసిన ప్రశ్న కాదు. భయము ప్రేమలోనుండి పుట్టినదే. అయితే ఇద్దరు బిడ్డల సంగతి కూడా ఆ తల్లులు వినాలి.

హైదరాబాదు అమ్మాయి బుద్దా అరుణారెడ్డి చిన్నతనములో కరాటే నేర్చుకున్నది. శరీరములోని చురుకును చూసి ఆమెను జిమ్నాస్టిక్స్ వైపు మళ్లించారు. 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌లో జరిగిన ప్రపంచ కప్పు పోటీలలో వాల్ట్ విభాగమున ఆమె 13.649 పాయింట్లతో కాంస్య పతకము గెలిచింది. జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్పులో వ్యక్తిగత పతకము పొందిన మొదటి భారతీయురాలు మన తెలుగు బిడ్డే. తనను ప్రోత్సహించిన తండ్రి ఆ దినము చూడడానికి బ్రతికి లేరు. కుటుంబములో మిగిలినవారు ఆమె చేయి విడువలేదు.

రెండవ బిడ్డ త్రిపురలోని అగర్తలాకు చెందిన దీపా కర్మాకర్. ఆమెవి చదును పాదాలు, ఈ ఆటకు అది పెద్ద ఆటంకము. అయినా బిశ్వేశ్వర్ నంది అనే గురువు ఓర్పుతో తీర్చిదిద్దారు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆమె వాల్ట్‌లో నాలుగవ స్థానములో నిలిచింది, కాంస్యము 0.150 పాయింట్ల తేడాతో తప్పిపోయింది. అగర్తలా మహానగరము కాదు. ఇద్దరి కథలోను పతకము చివర వచ్చినది. విడువకుండా నిలిచిన పెద్దలు మొదటినుండి ఉన్నారు.

ఇక వ్యాయామశాలకు కావలసినవి మూడు.

మొదటిది పరుపు. పోటీలలో ఆడపిల్లలకు నాలుగు అంశాలు, మగపిల్లలకు ఆరు. ఆడపిల్లలు నడిచే దూలము వెడల్పు 10 సెంటీమీటర్లు, పొడవు 5 మీటర్లు, ఎత్తు 125 సెంటీమీటర్లు. మన పొలము గెనిమకంటే ఎంతో సన్నము. ఇవన్నీ మొదటి దినమే కొనవలసిన పని లేదు. దళసరి ఫోము పరుపులు, నేలమీదనే ఉంచే చెక్క దూలము, గాలి వచ్చే గది ఉంటే ఆరేడేండ్ల పిల్లలకు ఆరంభము చేయవచ్చును. దూలము మన ఊరి వడ్రంగి చేయగలడు. అయితే సిమెంటు నేలమీద చాప పరచి పల్టీలు వేయించడం మాత్రము కూడదు. మంచి గురువు మొదట నేర్పేది ఎగరడము కాదు, పడడము. గడ్డము రొమ్ముకు ఆనించి, తల నేలకు తగలకుండా భుజాలమీద దొర్లాలి. వెనక్కు పడినప్పుడు చేతులు బిగబట్టి వెనుక ఆనించకూడదు, మణికట్టు విరుగుతుంది. దూకి దిగినప్పుడు మోకాళ్లు కొంచెము వంచాలి. ఇవి ఒంటబట్టడానికి నెలలు పట్టవచ్చు. నేడు పిల్లలు సెల్‌ఫోనులో చూసి వెనుక పల్టీ కొట్టబోతున్నారు. మెడ విరిగితే మరల అతుకదు. తల్లిదండ్రులారా, పక్కన పట్టుకొనే గురువు, కింద దళసరి పరుపు లేకుండా మీ బిడ్డను ఆ పని చేయనియ్యవద్దు.

రెండవది గురువు. మన పాత మద్రాసు రాష్ట్రములో వ్యాయామ ఉపాధ్యాయుల చదువుకు బాట వేసినవారిలో హ్యారీ క్రో బక్ ఒకరు. 1920లో ఆయన మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించారు. 1961లో పటియాలాలో జాతీయ క్రీడా సంస్థ ఏర్పడింది, అక్కడ శిక్షకులకు డిప్లొమా ఇస్తారు. గురువును పెట్టుకునేముందు ఎక్కడ నేర్చుకున్నారని అడగడము తప్పు కాదు. అంతకంటే ముఖ్యముగా పిల్లలతో ఎట్లా మాట్లాడుతున్నారో చూడాలి. ఏడ్చేవరకు కాళ్లు సాగదీయడము, నలుగురిలో తూకము వేసి లావని గేలి చేయడము శిక్షణ కాదు, హింస. బ్రిటనులో ఈ ఆటలో ఇటువంటివి ఎంతగా పాతుకుపోయినవో 2022లో వెలువడిన వైట్ నివేదిక బయటపెట్టింది.

గురువు పిల్లవానిని "ఈ వేళ వద్దు, విశ్రాంతి తీసుకో" అనగలగాలి. పిల్లవాడు కూడా "నాకు భయముగా ఉన్నది" అని చెప్పగలగాలి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో సిమోన్ బైల్స్ గాలిలో తన శరీరము ఎటున్నదో తెలియడము లేదని గ్రహించి జట్టు పోటీ మధ్యలో తప్పుకున్నది. లోకమంతా చూస్తుండగా ఆగడానికి ఎంత ధైర్యము కావాలి! ఆమె 2024లో ప్యారిస్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది. ఆగినవారందరు ఓడినవారు కారు.

మూడవది తెరచిన తలుపు. ఈ మాటకు రెండు అర్థాలున్నాయి.

మొదటిది చెప్పడము బాధాకరమే, కాని చెప్పక తప్పదు. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు వైద్యుడు లారీ నాసర్ చికిత్స పేరుతో ఏండ్ల తరబడి ఆడపిల్లలను చెరిచాడు. 2018లో శిక్ష పడినప్పుడు 150 మందికి పైగా స్త్రీలు కోర్టులో తమ బాధను వినిపించారు. కొన్నిసార్లు తల్లి గదిలో ఉండగానే జరిగినది. అంతకుముందే కొందరు పిల్లలు చెప్పినా పెద్దలు నమ్మలేదు. కాబట్టి వ్యాయామశాలలో మూసిన గది ఉండకూడదు, ఒక పెద్ద ఒక పిల్లతో ఒంటరిగా ఉండకూడదు, తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి కూర్చోవచ్చును. అన్నిటికంటే మించి, బిడ్డ చెప్పినప్పుడు నమ్మాలి. మన దేశములో 2012లో వచ్చిన పోక్సో చట్టము ఉన్నది, 1098 నంబరుకు ఫోను చేయవచ్చును. గురువు మన సంఘస్థుడే అయినా, కాపరే అయినా ఈ నియమము అందరికి ఒక్కటే.

రెండవ అర్థము బీదవానికి తెరచిన తలుపు. ఆళ్లగడ్డనుండి నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్లు. కూలికి వెళ్లే తల్లి వారానికి మూడుసార్లు బిడ్డను బస్సులో తీసుకొని రాగలదా? పత్తి తీసే దినాలలో పెద్దపిల్ల ఇంట్లో చంటివాణ్ణి ఎత్తుకోవాలి. ఫీజు మాఫీ చేసినంత మాత్రాన ఆ పిల్ల రాలేదు. బస్సు చార్జీ, ఒక గుడ్డు, గుప్పెడు వేరుశనగలు, సాయంత్రము పాఠము చెప్పే అక్క – ఇవి కావాలి. పెద్దమనిషి అయిన తరువాత ఆడపిల్లను మాన్పించే ఇళ్లు ఎక్కువ. ఆడ గురువు ఉంటే, ఒంటికి తగిన బట్టలు ఉంటే, తల్లితో ఒకరు కూర్చొని మాట్లాడితే కొందరైనా నిలుస్తారు. మంచి చురుకున్న పిల్లలకు కడపలోని క్రీడా పాఠశాల వంటివి ఉన్నాయి. నాలుగవ తరగతిలోనే పరీక్ష పెడతారు గనుక ఆ కబురు పల్లెకు సకాలములో చేరాలి.

మన సంఘములకు ఒక మాట. అనేక చోట్ల మన హాలు ఆదివారము తప్ప వారమంతా తాళము వేసి ఉంటుంది. అందులో నాలుగు పరుపులు పరచి, అర్హత గల గురువును పిలిచి, మతము అడుగకుండ వీధి పిల్లలందరిని రానియ్యవచ్చును గదా! పది మందిలో పతకము తెచ్చేవారు ఒక్కరు కూడా ఉండకపోవచ్చు. అయినా నిటారుగా నడవడము, పడి లేవడము, తోటివాని వంతు వచ్చేదాక ఆగడము, వాడు చక్కగా చేస్తే చప్పట్లు కొట్టడము పదిమందికి వస్తాయి.

వచ్చే సంఘ కమిటీలో ఈ మూడు ప్రశ్నలు అడగండి: మన హాలు తాళము ఎవరి దగ్గర ఉన్నది? పరుపులకు ఎవరు ఎంత ఇస్తారు? బస్సు చార్జీ లేని పిల్ల ఏ ఇంట ఉన్నది? జవాబులు దొరికితే పని సగము అయినట్లే.

దేవుడు మన బిడ్డలను క్షేమముగా కాపాడును గాక.