ఇంగ్లీషు పేపరుకు సైన్సు సాయం

పదో తరగతి ఇంగ్లీషు పేపరులో, పాఠాల్లో లేని పేరా ఒకటి ఇచ్చి ప్రశ్నలడుగుతారు. దానికోసం మీలో చాలామంది గైడు ముందేసుకుని, అందులోని పేరాలూ జవాబులూ బట్టీ పడుతుంటారు. మీరు చూడని పేరా ఇవ్వడమే వారి ఉద్దేశమైతే, గైడులోని పేరా వస్తుందని ఆశ దేనికి? సైన్సు మాస్టారికి ఇంగ్లీషు పేపరుతో పనేమిటంటారా? ఉంది, వినండి.

1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు 7, 8 తరగతుల పిల్లలు 64 మంది చేత ఒక బేస్‌బాల్ ఆట వర్ణనను చదివించారు. (అదీ మన క్రికెట్ లాగే బ్యాటూ బంతీ ఉన్న ఆటే.) చదవడంలో వెనుకబడినా ఆట బాగా తెలిసినవారు, చదవడంలో దిట్టలై ఆట తెలియనివారికంటే దాన్ని బాగా అర్థం చేసుకున్నారు. ఎందుకని? ఏ రచయితా అన్నీ విప్పి చెప్పడు. వదిలేసినదాన్ని చదివేవాడే పూరించుకోవాలి.

మడ అడవుల మీద పేరా వచ్చిందనుకుందాం. 'మాంగ్రోవ్', 'టైడ్' రెండూ మీకు కొత్త మాటలే. కాని కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవిని గురించి తెలుగులో చదివారు. బురదలో గాలి అందక ఆ చెట్ల వేళ్లు కొన్ని పైకి పొడుచుకు వస్తాయని మీకు తెలుసు. పేరాలో ఉప్పునీరు, బురద, వేళ్లు, గాలి అన్న మాటలు వరసగా కనబడగానే అవి ఏ చెట్లో తడుతుంది. రోజుకు రెండుసార్లు వచ్చిపోయే నీరంటే ఇక ఆటుపోట్లు కాక మరేమిటి! మాటలూ వ్యాకరణమూ వేరే నేర్చుకోవలసిందే, కాదనను. అయినా తెలుగులో చదివిన సైన్సు వృథా పోదు.

ఒక్క చిక్కుంది. విషయం తెలిసినవాడికి తొందరెక్కువ. ఈ చెట్లు అలల ఉధృతిని తగ్గిస్తాయని మాత్రమే పేరాలో ఉంటే, అతడు వాటి వేళ్లమధ్య పెరిగే చేపపిల్లల సంగతి కూడా రాసివస్తాడు. అది నిజమే, కాని అడిగింది పేరాలో ఉన్నదాన్ని. ప్రయోగశాలలో నీరు 98 డిగ్రీల దగ్గర మరిగితే, పుస్తకంలో 100 ఉందని రికార్డులో 100 వేస్తామా?

సాధన చేసేటప్పుడు పేరాలోని వాక్యాలకు పెన్సిలుతో వరస అంకెలు వేయండి. మీ జవాబు ఏ వాక్యంలో దొరికిందో ఆ అంకెను జవాబు పక్కన రాయండి. ఒక్కోసారి రెండు వాక్యాలు కలిపితేనే జవాబు తేలుతుంది, అప్పుడు రెండంకెలూ రాయండి. ఏ అంకే రాయలేకపోయారా, ఆ జవాబు కొట్టేసి మళ్లీ పేరా చదవండి.