పాత పుస్తకములకు క్రొత్త ప్రతులు

పోయిన మాసమున పట్టుబట్టల మడతలను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున అటకమీది పుస్తకముల పెట్టెను దింపుదము.

అందులో ముత్తవ్వనాటి భారత భాగవతములు, వ్రతకథలు, అట్టలూడిన మాసపత్రికలు, వానినడుమ నొక చేవ్రాత పాటల పుస్తకము నుండును. దేనిని ముందుగా రక్షింపవలెనని యడిగిన ననేకులు భారతమునే చూపుదురు. నా యభిప్రాయము వేరు. అచ్చుపడిన భారతమునకు ప్రతులు పెక్కు కలవు. ఆ పాటల పుస్తకమునకు రెండవ ప్రతి లేదు. మేలుకొలుపులు, మంగళహారతులు, అప్పగింతల పాటలు వ్రాసిన యా పుటలు చెదలపాలైనచో నే గ్రంథాలయమునకు బోయినను దొరకవు. కావ్యములకు ప్రతులు వ్రాయించిన ప్రభువు లెందరో కలరు గాని, మన యవ్వల పాటలకు వ్రాయించినవా రరుదు.

కాగితమును నమ్మి యూరకుండరాదు. పందొమ్మిదవ శతాబ్ది నడుమనుండి చెక్కగుజ్జు కాగితము వాడుకకు వచ్చెను. సిరా పాకకుండుటకై దానిలో పటిక చేర్చెడివారు. ఆ పటికవలన నామ్లము పుట్టి, కాగితము పచ్చబారి, తుదకు మడిచినచోటనే విరుగును. తాటాకు దీనికంటె గట్టిది. గంటముతో గీచి, మసి పూసి, అప్పుడప్పుడు నూనె రాచి కాపాడిన రెండు మూడు వందలయేండ్లు నిలుచును. అయినను నన్నయభట్టునాటి యా కొక్కటియు మనకు దక్కలేదు. పదునొకండవ శతాబ్దినాటి యాతని రచన, పాత యాకు చెడకమునుపే తరతరముల లేఖకులు క్రొత్త యాకుపై నెక్కించుటచేతనే మనవరకు వచ్చినది.

రాగిరేకులు శాశ్వతములు గదా యందురేమో. తాళ్లపాక అన్నమాచార్యుని (1408–1503) సంకీర్తనములను రేకులపై చెక్కించి తిరుమల యాలయమున భద్రపరచిరి. అవి 1922 ప్రాంతమున వెలుగులోనికి వచ్చెను. వేలకొలది పాటలు దక్కెను. రాగి తన పని తాను చేసెను. కాని రేకులపై రాగము పేరే యున్నది, పాడిన వరుస లేదు. నేడు మనము వినెడి వరుసలలో పెక్కు ఇరువదవ శతాబ్దిని కట్టినవే.

ఇంగ్లండు దేశమున 1086లో గొఱ్ఱెతోలు పత్రములపై వ్రాసిన డూమ్స్‌డే యను భూముల లెక్కను నేటికిని చదువవచ్చును. దాని తొమ్మిదివందలయేండ్ల పండుగకు బీ.బీ.సీ. వారు 1986లో దేశవృత్తాంతమును లేసరు పళ్లెములపై నెక్కించిరి. పదునైదేండ్లు నిండునప్పటికే ఆ పళ్లెములను చదువు యంత్రము లరుదై, వానిలోని విషయమును వెలికిదీయుటకు నిపుణులు శ్రమపడవలసివచ్చెను.

మన యింటి సాధనములును నిట్టివే. ఇంట వ్రాసుకొను సీడీలో రంగుపొర యుండును. వెలుతురు, వేడిమి సోకిన నది మాయును. పెన్ డ్రైవులో విద్యుదావేశమే యక్షరము. ఏండ్లతరబడి కదలక పడియున్న మెల్లగా జారిపోవును. హార్డు డిస్కులో తిరుగు బిళ్లలున్నవి, హఠాత్తుగా నాగును. ఎమ్-డిస్కు అను బిళ్ల వేయియేండ్లు నిలుచునని తయారుచేసినవారు చెప్పిరి. వేయియేండ్ల మాట యటుండ, దానిని చదువు యంత్రము క్రొత్త కంప్యూటరులలో నిప్పుడే కానరాకున్నది.

కనుక సాధన మేది యని తలపట్టుకొనక మూడు ప్రతులు చేయుడు. ఒకటి మీ హార్డు డిస్కునందు, ఒకటి పెన్ డ్రైవుపై వేరొక యూరనున్న చెల్లెలి యింట, ఒకటి ఇంటర్నెట్ భాండారమున. ఒక యింట నీరు చొచ్చినను రెండవ యింట నుండును. దసరాలలో మూలానక్షత్రమునాడు పుస్తకములు పూజకు పెట్టుట మనలో పెక్కుర యాచారము. ఆ దినముననే మూడింటిని తెరచి చూచి, ఐదారేండ్ల కొకమారు క్రొత్త సాధనమునకు మార్చుడు.

ప్రతి దీయునపుడు విరుగు పుటలను స్కానరుక్రింద నొక్కరాదు. కిటికీ వెలుతురున నుంచి, ఎండ పడకుండ, ఫ్లాషు లేకుండ, సెల్‌ఫోనుతో పైనుండి నిటారుగా ఫొటో తీయుడు. గట్టి కాగితమై స్కానరు వాడినచో నంగుళమునకు 300 చుక్కలు, సన్నని యక్షరములకు 600 చుక్కలు పెట్టుడు. అట్టను, అంచుల వ్రాతలను, చాకలిపద్దు గీచిన పుటను సైతము విడువరాదు. వ్రాసినవారి పేరు, ఊరు ఫైలు పేరుననే చేర్చుడు. వాట్సాప్‌లో ఫొటోగా పంపిన బొమ్మ కుదించుకొనిపోవును. దానిని మూలప్రతిగా నెంచరాదు.

అచ్చు పుస్తకము నందరికొరకు ఇంటర్నెట్ ఆర్కైవు వంటిచోట నుంచదలచినచో, ముందది యచట లేదని చూచుకొనుడు. గ్రంథకర్త గతించి అరువదియేండ్లు నిండినవో లేదో కూడ విచారింపుడు. మన దేశపు చట్టమంతవరకు హక్కును కాపాడును.

ఆ పాటలు పాడగల పెద్దవారింకను మీ యింట నున్నచో, పుస్తకమును ప్రక్కకు పెట్టి ముందు వారి గొంతును పట్టుడు. ఒక్కొక్క పాటను పాడించి ఫోనులో నెక్కించి, ఆ పుటసంఖ్యనే దానికి పేరుగా పెట్టుడు. మధ్యాహ్నము కునుకుదీసి లేచిన పిదప, ఫ్యాను ఆపి కూర్చుండబెట్టిన గొంతు తేటగా వినవచ్చును.