పాపాయి టీకాలో పేటెంట్ పేచీ

ఆరు వారాల పాపాయికి వేయించే పీసీవీ టీకా పేరు వినే ఉంటారు. న్యుమోకాకస్ బ్యాక్టీరియా వల్ల వచ్చే న్యుమోనియా, మెదడు పొరల వాపు నుంచి కాపాడుతుంది. ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. ప్రైవేటు క్లినిక్‌లో బ్రాండును బట్టి బిల్లు వేలల్లోకి పోతుంది. ఆ బిల్లులో పేటెంట్‌కూ వాటా ఉంటుంది.

న్యుమోకాకస్‌లో చాలా రకాలున్నాయి. 2000లో అమెరికాలో అనుమతి పొందిన తొలి టీకా 7 రకాలను అడ్డుకునేది. మరో రెండు కలిపి 9 రకాలతో దక్షిణాఫ్రికాలో జరిపిన పరీక్ష ఫలితాలు 2003లోనే అచ్చయ్యాయి. 13 రకాల టీకాకు పేటెంట్ కోరుతూ తొలి దరఖాస్తు పడింది 2005లో. దీన్నే ఎత్తిచూపుతూ వైద్య సేవా సంస్థ ఎంఎస్ఎఫ్ 2016లో మన పేటెంట్ ఆఫీసులో అభ్యంతరం వేసింది. మన చట్టంలో పేటెంట్ ఇవ్వకముందు ఎవరైనా ఇలా అడ్డుచెప్పవచ్చు. 7 నుంచి 9కి దారి తెలిశాక 13 కొత్త ఆవిష్కరణ ఎలా అవుతుందన్నది దాని సారాంశం. అప్పటికే లోకానికి తెలిసినదాన్ని న్యాయవాదులు ప్రయర్ ఆర్ట్ అంటారు.

ఇది అనుకున్నంత తేలిక కాదు. రకాలు పెరిగేకొద్దీ ఒకదాని స్పందనను మరొకటి తగ్గించే ప్రమాదం ఉంది. కాబట్టి తెలిసిన దారిలో నడిచినా గమ్యం చేరడం కష్టమే. అయితే కష్టపడటం వేరు, కొత్తది కనిపెట్టడం వేరు కదా? 2017లో పేటెంట్ ఆఫీసు ఫైజర్‌కే పేటెంట్ ఇచ్చింది. పేటెంట్ ఆఫీసు ఉత్తర్వుల్లో అప్పీలుకు వీలున్నవాటిపై అప్పీళ్లు ఇప్పుడు హైకోర్టుకు వెళ్తాయి. 2021 దాకా వాటికి ప్రత్యేక బోర్డు ఉండేది.

ఇక మన శామీర్‌పేట సంగతి. అక్కడి జీనోమ్ వ్యాలీలో ప్లాంటున్న బయోలాజికల్-ఈ 14 రకాల టీకా తయారుచేసింది. 2022 డిసెంబరులో కేంద్రం అనుమతించింది. ఫైజర్ 13లో ఉన్న 6ఏ రకం ఇందులో లేదు. 22ఎఫ్, 33ఎఫ్ అదనం. పేటెంట్ గొడవల్లో ఇలాంటి తేడా చిన్నది కాదు. కాపాడేది క్లెయిమ్‌లో రాసుకున్న కూర్పునే మరి.

మేడ్చల్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో చవక హెపటైటిస్-బి టీకా తెచ్చిన రోజులు వేరు. 1970 చట్టం మందు తయారీ పద్ధతికే పేటెంట్ ఇచ్చేది. 2005 నుంచి మందుకే ఇస్తున్నారు. అందుకే ప్రయర్ ఆర్ట్ మీద పోరాటం ఇప్పుడింత ముఖ్యమైంది.

ఈసారి క్లినిక్‌లో మీ పాపకు వేస్తున్నది పది రకాలదా, పదమూడా, పద్నాలుగా అని అడిగి కార్డు మీద రాయించుకోండి. వీలైతే మొదలుపెట్టిన బ్రాండుతోనే మిగతా డోసులూ పూర్తి చేయించండి. ప్రభుత్వ కేంద్రంలోనైతే ఆరు వారాలు, పద్నాలుగు వారాలు, తొమ్మిది నెలలు.